నమూనా ఇక్కడే ఇవ్వవలెను

మొన్న నాకు చక్కెర పరీక్ష చేయించాల్సిందేనని మనవరాలు పట్టుబట్టింది. దానికి తెలియకుండా నేను స్వీట్లు తింటున్నానని దాని అనుమానం. ఆ అనుమానం నిజమేనని నాకూ తెలుసు కాబట్టి పెద్దగా వాదించలేదు. బెజవాడలో ఇప్పుడు ల్యాబులకు కొదవేముంది, సందుకొకటి ఉంది. అయినా అది ఫోను తీసి ఒక పాథాలజీ డాక్టరుగారి వివరాలు నా ముందు పెట్టింది. ఫొటో, పక్కన పేరు, పేరు వెనకాల డిగ్రీలు, ఏ రోజు ఎన్నింటినుంచి ఎన్నింటిదాకా ఉంటారో, ఏయే భాషలు మాట్లాడతారో, ఆ కింద నక్షత్రాలు. సూది నొప్పే తెలియలేదని ఒకాయన మెచ్చుకున్నాడు. బండి పెట్టుకోవడానికి చోటు లేదని ఇంకొకావిడ తిట్టిపోసింది. వీటన్నిటి మధ్యా "అనుభవం" అని ఒక గడి, అందులో ఇన్నేళ్లు అని ఒక అంకె. "చూశావా అమ్మమ్మా, ఎంత సీనియరో!" అంది మనవరాలు. నేను ఆ గడి దగ్గరే ఆగిపోయాను. మా అత్తయ్యను ఎవరైనా ఆ మాట అడిగితే ఆవిడ ఎప్పుడూ కొన్నేళ్లు తగ్గించి చెప్పేది. ఎందుకో మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. అందులో నాన్నా అత్తయ్యా పోయారు, నేను మిగిలాను.

అత్తయ్య మా నాన్నకు చెల్లెలు. తాతయ్య మిషన్ బడిలో పంతులు, ఆదివారం చర్చిలో పాటలు పాడించేవాడు. ఆయన జీతంలో కొడుకును టీచరునీ కూతుర్ని డాక్టరునీ చేశాడు. కూతురు డాక్టరయిందని బంధువులంతా సంతోషించారు కానీ ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. ఆవిడ ఎం.బి.బి.ఎస్. తో ఊరుకోకుండా పాథాలజీలో ఎం.డి. చేసి, డెబ్బైలు మొదలయ్యేనాటికి గవర్నరుపేటలో ఒక సందులో ల్యాబు పెట్టింది. జ్వరమని వెళితే మందు రాయదు, నాడి పట్టుకోదు, మెడలో స్టెతస్కోపు కూడా ఉండదు. "ఇంత చదివించి ఆ పిల్ల చేత ఇదా మీరు చేయించేది?" అని మా పెద్దమ్మ ఒకావిడ తాతయ్యను అందరి ముందూ అడిగేసింది. "ఇది" అంటే ఏమిటో ఆవిడ నోటితో అనలేదు, చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని సైగ చేసింది. అత్తయ్య నవ్వేసి ఊరుకుంది. నాకు మాత్రం సిగ్గేసింది. మా అత్తయ్య డాక్టరని కాలేజీలో గొప్పగా చెప్పుకుని, ఏం డాక్టరని అడిగితే మాట మార్చేదాన్ని.

కాలేజీ చదువు కోసం నన్ను అత్తయ్య ఇంట్లోనే పెట్టారు. ఇల్లు మేడ మీద, ల్యాబు కింద. వీధి గుమ్మం పైన నీలం రంగు రేకు బోర్డు. దాని మీద తెల్ల అక్షరాలతో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అత్తయ్య పేరు, డిగ్రీలు, రిజిస్టరు నంబరు, వేళలు ఉండేవి. పేరు పట్టినంత చోటే డిగ్రీలూ పట్టాయి. నాన్న పామర్రు నుంచి ఎప్పుడొచ్చినా రిక్షా దిగి ముందు ఆ బోర్డు మొత్తం చదువుకుని గాని లోపలికి వచ్చేవాడు కాదు. లోపలికి వస్తే స్పిరిట్ వాసన, కిటికీ దగ్గర బల్ల మీద మైక్రోస్కోపు, స్పిరిట్ దీపం. మూత్రంలో చక్కెర ఉంటే ఆ దీపం మీద వేడిచేసిన నీలం మందు ఆకుపచ్చగా, పసుపుగా, మరీ ముదిరితే ఇటుక రంగుకు తిరిగేది. నాకదో తమాషా. అంతకంటే తమాషా జనం తెచ్చే సీసాలు. తలనూనె సీసాలు, టానిక్కు సీసాలు, ఒకసారి ఏకంగా ఆవకాయ జాడీ. అడుగున ఇంకా నూనె మరక ఉంది. అత్తయ్య ఎవరినీ విసుక్కునేది కాదు. ల్యాబు సీసా చేతికిచ్చి, పెరట్లో గది చూపించి, "ఇక్కడే ఇవ్వాలండీ, ఇంటి దగ్గర్నుంచి తెచ్చింది నేను చూడను" అనేది. అది ఆవిడ నియమం. ఆ నియమాన్ని ఆవిడ ఒక్కసారే సడలించింది.

పామర్రు హైస్కూల్లో నాన్న హెడ్మాస్టరు. ఆయన దగ్గర చదువుకున్న ఒక రైతు, కాస్త కలిగిన ఇంటివాడు, పెళ్లయి కొన్నేళ్లయినా పిల్లల్లేరని బాధపడుతుండేవాడు. భార్యది మైలవరం. అత్తగారు ఆ అమ్మాయిని మొక్కులకూ నాటు మందులకూ తిప్పి తిప్పి, చివరికి కొడుకుకు మళ్లీ పెళ్లి చేస్తానంది. ఊరి పెద్దమనుషులు కూర్చుని, ఇప్పుడు కాలం మారింది, ముందు మగవాడికి పరీక్ష చేయించి అప్పుడు మాట్లాడదామన్నారు. ఆ రోజుల్లో పామర్రులో అది చాలా గొప్ప తీర్పు. ఆ మాట ముందు అన్నది తనేనని నాన్న చాన్నాళ్లు గర్వపడ్డాడు కూడా. పరీక్ష ఎక్కడ అనే ప్రశ్నే రాలేదు. మాస్టారి చెల్లెలు ఉండగా ఇంకెక్కడ?

ఒక సోమవారం నాన్నే ఆయన్ని వెంటబెట్టుకు వచ్చాడు. వెనకాల వాళ్ల పాలేరు, మాస్టారి చెల్లెలి ఇంట్లో ఇవ్వడానికి తెచ్చిన అరటిగెల భుజాన వేసుకుని. పాలేరు మెట్ల మీద కూర్చున్నాడు. ఎండలో వచ్చాడని అత్తయ్యే గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది. వీర్యపరీక్ష చేయాలంటే మనిషి పెరటి గదిలోకి వెళ్లి ఇచ్చి రావాలి. ఆ గదికి వెళ్లే దారి వరండాలోంచి, అంటే బల్లల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ల ముందునుంచి. ఆయన ఆ దారి చూశాడు, ఆడవాళ్లను చూశాడు, అత్తయ్యను చూశాడు, ఇక తల ఎత్తలేదు. నాన్న అత్తయ్యను పక్కకు పిలిచి చాలా ఇబ్బంది పడుతూ అన్నాడు.

"కుర్రాడు మొహమాటస్తుడు. ఆడ డాక్టరు ముందు తన వల్ల కాదంటున్నాడు. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకుని, క్షణాల మీద తెచ్చిస్తాడట. నా మొహం చూసి ఒప్పుకో."

అత్తయ్యకు అప్పటికి ముప్పై దాటి ఉంటాయి, పెళ్లి చేసుకోలేదు. అన్నగారితో ఈ విషయం మాట్లాడవలసి రావడమే ఆవిడకు చచ్చేంత సిగ్గుగా ఉంది. ఇంకొక్క మాట పెంచకుండా ఇది అయిపోతే చాలనుకుంది. ఆ సంగతి తర్వాత తనే చెప్పింది నాకు. సీసా చేతికిచ్చి, "ఆలస్యం చెయ్యకండి" అని మాత్రం అంది. ఆయన వెళ్లాడు, వెనకాలే పాలేరూ వెళ్లాడు. కాసేపటికి రిక్షాలో తిరిగొచ్చి, సీసా రుమాల్లో చుట్టి అటెండరు చేతికిచ్చాడు. అత్తయ్య మైక్రోస్కోపులో చూసి, లోపమేమీ లేదని రాసి సంతకం పెట్టింది. సంతకం కింద పేరు, పేరు పక్కన డిగ్రీలు అచ్చువేసే ఉన్నాయి.

ఆ తర్వాత పామర్రులో జరిగింది నేను చూడలేదు, నాన్న తర్వాత బెజవాడ వచ్చినప్పుడు ఉత్సాహంగా చెబితే విన్నాను. పెద్దమనుషులు కూర్చున్నారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది కాబట్టి నాన్నే లేచి చదివి తెలుగులో చెప్పాడు. ముందు అత్తయ్య పేరు, తర్వాత ఒక్కొక్క డిగ్రీ, అది చదవడానికి ఎన్నేళ్లు పడుతుందో, జిల్లాలో ఆ చదువు ఎంత అరుదో. అన్నీ అయ్యాక, మగవాడిలో లోపం లేదని. ఇక మాట్లాడటానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. ఆ నెలలోనే తెగతెంపులు చేసేశారు. మైలవరం నుంచి అన్నగారు వచ్చి ఆ అమ్మాయిని తీసుకుపోయాడు. మరుసటి ఏడే ఆ రైతుకు ఉయ్యూరు సంబంధం కుదిరింది. పెళ్లికి మమ్మల్నందర్నీ పిలిచారు. నాన్నా నేనూ వెళ్లాం. విందులో పూర్ణాలు బాగున్నాయని కూడా నాకు గుర్తుంది. 

ఏళ్లు గడిచాయి. నేను డిగ్రీ, ఆపైన బి.ఎడ్. పూర్తిచేసి బెజవాడలోనే టీచరుగా చేరి, పెళ్లయ్యేదాకా అత్తయ్యతోనే ఉండిపోయాను. ఒక ఉదయం ల్యాబుకు ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఒకరు ఆ పామర్రు ఆయన, జుట్టు పలచబడింది. రెండోవారు ఉయ్యూరు మామగారు. చెరకు పండించి ఫ్యాక్టరీకి తోలే మనిషి, గొంతు కూడా బండి తోలే గొంతే. ఇక్కడా పిల్లలు కలగలేదు, ఇక్కడా నింద ఆడపిల్ల మీదకే వచ్చింది. కానీ ఈ మామగారు మైలవరం వాళ్ల లాంటివాడు కాదు.

"డాక్టరమ్మగారూ, మా అమ్మాయిని ఏమన్నా అనేముందు ఈయన మళ్లీ పరీక్ష ఇవ్వాలండి. మీరు చెప్పిన గదిలోనే ఇవ్వాలి. నేనిక్కడే ఈ బల్ల మీద కూర్చుంటా," అని కూర్చున్నాడు. కూర్చున్నవాడు దారికి అడ్డంగా కాళ్లు కూడా చాపుకున్నాడు.

ఆ రోజు సెలవు కావడంతో నేను కిటికీ పక్కన కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుకుంటున్నాను. అత్తయ్య స్లైడు పెట్టి చూసింది. స్లైడు మార్చి మళ్లీ చూసింది. మిగిలిందంతా మిషనులో తిప్పి అడుగున చేరింది తీసి చూసింది. అప్పుడు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టేసింది. అల్లుణ్ని ఒక్కణ్నే లోపలికి పిలిచి తలుపు వేసింది. నేను లేవబోతే చేత్తో ఉండమంది.

"ఇందులో ఏమీ లేదండీ. ఒక్కటంటే ఒక్కటి లేదు. మధ్యలో మీకేమన్నా జబ్బు చేసిందా? గవదబిళ్లలు గానీ, దెబ్బ గానీ?"

లేదని తల ఊపాడు.

"మరి అప్పుడు మీరిచ్చింది?"

తల దించుకున్నాడు. ఏడుస్తున్నాడని నాకు కాసేపటికి గాని తెలియలేదు. "మా పాలేరుదండీ," అన్నాడు. "వాడికి నలుగురు పిల్లలండీ. భయమేసిందండీ నాకు. పరువు పోద్దని..."

అత్తయ్య ఆయన్ని తిట్టలేదు. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "మైలవరం అమ్మాయి తాలూకు వాళ్లకి మీరు చెబుతారా, నేను చెప్పనా?" అని అడిగింది. ఆయన చేతులు జోడించి, "నాకు మొహం లేదండీ, మీ ఇష్టం," అన్నాడు. రిపోర్టు తీసుకుని ఆయనా మామగారూ వెళ్లాక అత్తయ్య పెరట్లోకి వెళ్లి ఆ గది తలుపు పట్టుకుని నిలబడింది. "ఇంత దూరం నడిపించలేకపోయానే," అంది నాతో. నిజానికి వరండా నుంచి ఆ గదికి పది అంగలుండవు.

నాన్నకు కబురు పెడితే వచ్చాడు, విన్నాడు. ఇప్పుడిదంతా తవ్వుకుని ఏం లాభమన్నాడు. ఆ పిల్ల ఎలాగో స్థిరపడి ఉంటుంది, మనం వెళ్లి కెలికితే గాయం మళ్లీ రేగుతుందన్నాడు. అత్తయ్య అన్నగారికి ఎదురు చెప్పడం అదే నేను మొదటిసారి వినడం. "గాయం రేగుతుందని కాదు అన్నయ్యా. మన పరువు పోతుందని. అతగాడూ ఆ మాటే అన్నాడు." 

ఆ ఆదివారం చర్చికి వెళ్లకుండా అత్తయ్యా నేనూ మైలవరం బస్సెక్కాం.  నా ఒళ్లో అరడజను బత్తాయిలున్న సంచీ. చేతులూపుకుంటూ వెళ్లలేమని బస్టాండులో కొన్నాం. కొన్నాక, ఏం మొహం పెట్టుకుని ఇవ్వాలని ఇద్దరికీ అనిపించింది. ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆవిడ వరండాలో కుట్టుమిషను దగ్గర కూర్చుని రవికె కుడుతోంది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దదై ఉంటుంది. పెరట్లో అన్నగారి పిల్లలు ఆడుకుంటున్నారు. మేమెవరమో చెప్పగానే మిషను ఆపింది. దారం తెంపి, సూది జాగ్రత్తగా గుడ్డకు గుచ్చి, లోపల్నుంచి కుర్చీలు తెచ్చింది. అత్తయ్య కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. లాడ్జి సంగతి, పాలేరు సంగతి, మొహమాటానికి తను నియమం తప్పిన సంగతి, ఇప్పటి పరీక్ష సంగతి. "క్షమించమ్మా" అని ఆగింది.

ఆవిడ నెమ్మదిగా అంది. "నాకు తెలుసండీ."

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"బెజవాడ నుంచి వచ్చిన కాడ్నుంచి పాలేరు నా మొహం చూడ్డం మానేశాడండీ. అన్నం పెడితే తల ఎత్తకుండా తినిపోయేవాడు. తర్వాత వాడి పెళ్లామే వచ్చి నా కాళ్లు పట్టుకుని ఏడ్చింది. బలవంతం చేశారంట."

"మరి చెప్పొచ్చుగా అమ్మా! అప్పుడే ఎవరితోనైనా..." అంది అత్తయ్య.

"ఎవరికి చెప్పనండీ? చెబితే వాళ్ల కూడు పోద్ది. అయినా నా మాట నమ్మేదెవరు? మాస్టారుగారు కాయితం చదువుతుంటే నేను తలుపు చాటునే ఉన్నానండీ. మీ పేరు తర్వాత ఉన్న అక్షరాలు చదవటానికే ఆయనకి బోలెడంతసేపు పట్టింది. నా పేరు తర్వాత ఏవుందండీ?" ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. వివరం కోసం అడిగినట్టే అడిగింది. "మీరు రాసింది మటుకు అబద్ధం కాదుగా. సీసాలో ఏవుందో అదే రాశారు."

అత్తయ్య అప్పుడు కూర్చుంది.  నేను బత్తాయిల సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లోనే పెట్టుకున్నాను. సిగ్గంటే అంతకు ముందు నాకు తెలుసనుకునేదాన్ని. పెద్దమ్మ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకున్నప్పుడు వేసింది అసలు సిగ్గే కాదని ఆ వరండాలో తెలిసింది.

"నేనేం చేయాలో చెప్పమ్మా," అంది అత్తయ్య.

ఆవిడ పెరటి వైపు చూపించింది. "మా అమ్మకి చెప్పండి. గొడ్రాలివని పొద్దున లేస్తే అంటానే ఉంటది. కాకపోతే ఆవిడకి చెవుడండీ. గట్టిగా చెప్పాలి."

తల్లి పెరట్లో నులకమంచం మీద కూర్చుని మినప్పప్పులో రాళ్లేరుతోంది. అత్తయ్య వెళ్లి పక్కన నిలబడి, "అమ్మా, నేను డాక్టర్ని," అంది. "ఏంటీ?" అందావిడ. గొంతు పెంచింది. "లోపం మీ అమ్మాయిదని ఎవరూ తేల్చలేదండీ!" "ఏంటమ్మా? లోపలికెళ్లాలా?" అత్తయ్య నావైపు చూసింది. మొహం కందగడ్డలా ఎర్రబడిపోయింది. ఇంట్లో మగవాళ్ల ముందు కడుపునొప్పి అని కూడా అనలేని మనిషి. ఊపిరి పీల్చుకుని, పమిట బిగించి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. "పిల్లలు పుట్టే శక్తి అతనికి లేదండీ! మీ అల్లుడికి లేదు! పాలేరుది తెచ్చి తనదని ఇచ్చాడు! పొరపాటు నాది! మీ అమ్మాయిది కాదు!"

పిట్టగోడ అవతల ఇద్దరాడవాళ్లు లేచి నిలబడ్డారు. వీధిలో పోతున్న ఒకాయన సైకిలు దిగాడు. పిల్లలు ఆట ఆపేశారు. ముసలావిడ పప్పు చేట పక్కన పెట్టి, కూతురి వైపు తిరిగింది. "మరి చెప్పవేవే," అంది. అంతే.  కూతురు వరండా స్తంభం పట్టుకుని, పిట్టగోడ మీదికి వచ్చిన మొహాలను ఒక్కొక్కటిగా చూస్తూ నిలబడింది. తర్వాత లోపలికెళ్లి మాకు కాఫీ పెట్టి తెచ్చింది. బత్తాయిలు తీసుకుంది.

నాన్న కూడా ఆ వారమే పామర్రులో మిగిలిన పెద్దమనుషుల దగ్గరికి వెళ్లి, నిలబడి, జరిగింది చెప్పాడు. వాళ్లలో పెద్దాయన సానుభూతిగా, "పోన్లెండి మాస్టారూ, డాక్టర్లన్నాక పొరపాట్లు పడతారు," అన్నాడట. పామర్రు ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. నాన్న కోపంతో ఊగిపోతూ వచ్చి చెబితే అత్తయ్య, "సరిగ్గానే అన్నారుగా," అంది. ఆ తర్వాత నాన్న రిక్షా దిగితే బోర్డు చదవకుండా తిన్నగా లోపలికి వచ్చేసేవాడు.

చదవడానికి అక్కడ పాత బోర్డు కూడా లేదు. అత్తయ్య పెయింటరును పిలిపించి మళ్లీ రాయించింది. పేరూ డిగ్రీలూ మూలకు పోయి చిన్నవైపోయాయి. మధ్యలో పెద్ద అక్షరాలతో, "నమూనా ఇక్కడే ఇవ్వవలెను. ఎవరికీ మినహాయింపు లేదు." ఏవమ్మా, ఇది డాక్టరు బోర్డా రేషను షాపు బోర్డా అని పెయింటరు నవ్వాడు. పేటంతా నవ్వింది. వరండాలో ఆడవాళ్ల బల్ల అటు తిప్పి వేయించి, పెరటి గదికి పక్క సందులోంచి వేరే తలుపు పెట్టించింది. మొహమాటపడే మగవాళ్లు ఆ తర్వాత కూడా వచ్చారు. అత్తయ్య వాళ్ల కళ్లలోకి చూసి, ఏం చేయాలో, ఎందుకు చేయాలో తడబడకుండా చెప్పేది.

చాలా ఏళ్ల తర్వాత, ల్యాబు మూసేసే ముందు, ఊళ్లో డాక్టర్లంతా కలిసి ఆవిడకు శాలువా కప్పారు. మైకు దగ్గర ఒకాయన ఆవిడ డిగ్రీలన్నీ చదివి, ఇన్నేళ్ల అనుభవమని ఘనంగా ప్రకటించాడు. అత్తయ్య లేచి, "అంత లేదండీ," అని ఇంకో అంకె చెప్పింది. అందరూ వినయమనుకుని చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక శాలువా మడత పెడుతూ, ఎందుకత్తయ్యా ఎప్పుడూ తగ్గించి చెబుతావు, అని అడిగాను. నేను కాగితం రాసిన రోజుకూ మైలవరం వెళ్లిన రోజుకూ మధ్య గడిచిన ఏళ్లు తీసేస్తాను, అంది. "అవి ఆ పిల్లవే. నా అనుభవంలో ఎలా కలుపుకుంటానూ?"

మనవరాలు నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఏ టైముకు వస్తావో చెప్పు, బుక్ చేసేస్తానంది. సీసా ఇంటికి పంపిస్తారట, ఇంట్లోనే ఇచ్చేయొచ్చట. వద్దు, అక్కడికే వెళ్లి ఇస్తానన్నాను. ఎవరి ఏళ్లు ఎవరి లెక్కలో పడ్డాయో కాలం తనంతట తాను సరిచేయదు. తీసేయవలసినవి మనమే తీసేసుకోవాలి.